దిగడం తేలికే

నేల మీద పూసిన చిన్న పువ్వును నిలబడి పైనుంచి ఫోటో తీస్తే అది పువ్వులా ఉండదు, చొక్కా నుంచి ఊడిపడ్డ బొత్తాంలా ఉంటుంది. ఈ జ్ఞానం నాకు 69వ ఏట కలిగింది, అంటే మోకాళ్లు రెండూ చేతులెత్తేసిన మూడేళ్లకి. ముప్ఫై ఏళ్లప్పుడే కలిగి ఉంటే ఈపాటికి ఎన్ని పూల ముందు బోర్లా పడుకుని ఉండేదాన్నో, కానీ అప్పుడు చేతిలో ఫోనూ లేదు, పువ్వు వంక చూసే తీరికా లేదు.

చెప్పింది మా మనవరాలు. నేను తీసిన గడ్డిచామంతి ఫోటో పంపితే చూసి, "అమ్మమ్మా, నువ్వు దాని నడినెత్తి తీశావు. చిన్నపిల్లల్ని తీసేటప్పుడు వాళ్ల ఎత్తుకి వంగుతాం కదా, పువ్వుకీ అంతే" అంది. నిజమే. దానికేం, ఇరవై ఏళ్ల పిల్ల, ఎక్కడ కావాలంటే అక్కడ గొంతుక్కూర్చుంటుంది, కూర్చున్నంత హాయిగా లేస్తుంది. నా మోకాళ్లని వంచాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి.

గడ్డిచామంతి తెలుసుగా, ఎవరూ నాటకుండా గోడ వారా దారి వారా మొలుస్తుంది. మొక్కేమో నేల మీద పాకుతుంది, పువ్వును మాత్రం జానెడు కాడ మీద పైకెత్తి పట్టుకుంటుంది. మధ్యలో పసుపు, చుట్టూ ఐదారు తెల్ల రేకులు, ఒక్కో రేకు అంచూ కత్తెరతో మూడు పళ్లు కత్తిరించినట్టు ఉంటుంది. అసలు అది ఒక పువ్వు కూడా కాదు, ఆ పసుపు బొట్టులో ఉన్నవన్నీ విడివిడి బుల్లి పూలే, మనం పువ్వనుకునేది ఒక గుత్తి. నిలబడి చూస్తే ఇవేవీ కనిపించవు. అందుకని ఒక ఆదివారం పొద్దున, ఎండ ఇంకా ఏటవాలుగా ఉండగానే, ఇంటి ముందు గడ్డిలోకి దిగాను.

దిగాను అన్నంత తేలిగ్గా దిగలేదు. ముందు ప్రహరీగోడ పట్టుకున్నాను. గుమ్మం ముందు డోర్‌మ్యాట్ తెచ్చి మడతపెట్టి మోకాళ్ల కింద వేసుకున్నాను, ఆ మాత్రం తెలివి ఉంది. ఎడమ మోకాలు ఆనింది. అది చేసిన చప్పుడుకి గేటు దగ్గర పడుకున్న కుక్క తలెత్తి చూసింది. కుడిది ఆనింది. కుక్క లేచి వెళ్లిపోయింది. తర్వాత అరచేతులు, ఆ తర్వాత మోచేతులు, చివరికి ఒక పక్కకి ఒరిగి పూర్తిగా పడుకున్నాను.

పడుకున్నాక తెలిసింది, అది వేరే లోకం. నేను రోజూ తొక్కుకుంటూ తిరిగే గడ్డి అడవిలా ఉంది, గడ్డిపరకల మొదళ్ల దగ్గర ఇంకా తడి ఉంది, చీమలు ఏదో ముఖ్యమైన పని మీద వెళ్తున్నాయి. పైకి చూస్తే నా గడ్డిచామంతి ఆకాశంలో నిలబడి ఉంది. ఎండ దాని వెనక నుంచి పడుతోంది, తెల్ల రేకుల్లోంచి వెలుగు వడకట్టినట్టు దిగుతోంది, రేకుల్లో సన్నటి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఎదురు వెలుగులో ఫోటో తీయకూడదని మా కాలంలో చెప్పేవాళ్లు, అది మనుషుల మొహాలకి, పల్చటి రేకులకి కాదు.

ఫోటో తీద్దామంటే మొదటి చిక్కు ఫోన్‌తోనే. దాని కన్ను పైచివర ఉంటుంది. నేలకి ఆనించి నిలబెట్టినా ఆ కన్ను జానెడెత్తున ఉంటుంది, అంటే పువ్వుకి సరిగ్గా ఎదురుగా, నాకేమో ఇంకా కింద నుంచి కావాలి. ఫోన్‌ని వెనక్కి వాలిస్తే ఫోటోలో ఏం పడుతోందో చీమలకి తప్ప నాకు కనిపించదు. రెండో చిక్కు గాలి. ఆ గాలి ఆకుని కూడా కదిపేది కాదు, కానీ అంత పొడుగు కాడ మీద ఉన్న పువ్వుకి అంత చాలు, నేను ఊపిరి బిగబట్టినప్పుడు ఊగేది, వదిలినప్పుడు ఆగేది. ఇంత దగ్గర నుంచి తీసేటప్పుడు స్పష్టంగా పడే లోతు కొన్ని మిల్లీమీటర్లే, పువ్వు గింజంత ముందుకి వంగితే అయిపోయింది, మొహం మసక, మెడ స్పష్టం. కుండలో నీళ్లు తోడినట్టు నలభై తీశాను.

ఇక లేద్దామనుకున్నాను. లేవలేదు.

మొదట నాకేం టెన్షన్ పుట్టలేదు. మోచేతి మీద లేచాను, పడ్డాను. గోడ చూస్తే నా చేతికి మూరెడు దూరంలో ఉంది. దిగేటప్పుడు అందిన గోడ లేచేటప్పుడు ఎందుకు అందదో, మధ్యలో అదేమన్నా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. అయినా చేతిలో ఫోన్ ఉందిగా, మా ఆయనకి చేశాను. ఇంట్లో ఆయన ఫోన్ మోగడం నాకే వినపడుతోంది. కట్ అయింది. మళ్లీ చేశాను. మళ్లీ కట్ చేశారు. తర్వాత అడిగితే, "నువ్వు గుమ్మం ముందే ఉన్నావుగా, చెయ్యి తగిలి పోయిందనుకున్నా" అన్నారు. పెళ్లయిన 46 ఏళ్లలో ఆయన నా గురించి ఇంత నిశ్చింతగా ఎప్పుడూ లేరు.

అప్పుడు గోడ మీంచి పక్కింటి అన్నయ్యగారి తల కనిపించింది. ఆయనకి నాకంటే మూడేళ్లు ఎక్కువ, మోకాళ్లకి ఇంకా ఎక్కువ.

"ఏం పోయింది వదినగారూ?"

"ఏమీ పోలేదు అన్నయ్యగారూ" అన్నాను. గడ్డిలో పడుకున్న మనిషి ఏమీ పోలేదంటే ఎవరు నమ్ముతారు.

"చెవి పోగా?" అంటూ గేటు తీసుకుని వచ్చేశారు. నేను పువ్వు గురించి చెప్పేలోపు ఆయన వంగడం, మోకాళ్ల మీద కూర్చోవడం, రెండు అరచేతులతో గడ్డి తడమడం అన్నీ అయిపోయాయి. అంత వయసులో అంత చురుకుగా దిగిన మనిషిని నేను చూడలేదు. రెండు నిమిషాలు తడిమి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, "వదినగారూ, నేనూ లేవలేనేమో" అన్నారు, వాతావరణం గురించి చెప్తున్నంత మామూలుగా.

ఇద్దరం అలా ఉండగా నడకకి వెళ్లొస్తున్న ఆవిడ ఒకరు ఆగారు, ఆవిడ వెనక ఇంకొకాయన, సైకిల్ మీద పోతున్న కుర్రాడు. ఏం పోయిందన్నారు, చెవి పోగు అన్నారు అన్నయ్యగారు. ముగ్గురూ వెతకడం మొదలుపెట్టారు. నేను నోరు తెరిచినప్పుడల్లా "మీరు కంగారు పడకండి, దొరుకుతుంది" అని నన్నే ఊరడించారు. నా చెవులకి రెండు పోగులూ ఉన్నాయి, ఎవరూ చూడలేదు. మనవాళ్ల దగ్గర ఇదొక సుగుణం, వెతకడం మొదలుపెట్టాక దేనికోసమో అడగరు. కుర్రాడు చివరికి "దొరికింది!" అని అరిచాడు. చొక్కా బొత్తాం. "ఇదేనా బామ్మగారూ?" అన్నాడు. ఎండలో నిలబడి ఇంతసేపు వెతికాడు పాపం, తీసుకున్నాను.

ఆ కేకకి మా ఆయన బయటికొచ్చారు. నన్నూ, అన్నయ్యగారినీ, చుట్టూ జనాన్నీ చూసి, నోరెత్తకుండా లోపలికెళ్లి చేతుల్లేని కుర్చీ తెచ్చి నా ముందు వేశారు. కుర్రాడు నా రెక్క పట్టి లాగబోతే ఆయనే ఆపారు. అలా లాగితే లేచేవాళ్ల భుజం పోతుంది, లాగేవాళ్ల నడుం పోతుంది. దెబ్బ తగలకుండా కిందుండిపోయిన మనిషి లేవడానికి వేరే పద్ధతి ఉంది. పక్కకి తిరగాలి, మోచేతి మీద లేవాలి, నాలుగు కాళ్ల మీదకి రావాలి, రెండు చేతులూ కుర్చీ మీద పెట్టాలి, గట్టి కాలి పాదం ముందు ఆనించి పైకి తేలి, తిరిగి కూర్చోవాలి. నా రెండు కాళ్లలో గట్టిది ఏదో తేలడానికే కాసేపు పట్టింది. కుర్చీ ఒకటే కాబట్టి "ముందు మీరు" అంటే "కాదు, మీరు" అని అన్నయ్యగారితో మర్యాదలు కూడా నడిచాయి. లేచాక వెంటనే నిలబడకుండా కూర్చున్నాను, కింద నుంచి గబుక్కున లేస్తే రక్తం కాళ్లలోకి జారి తల తిరుగుతుంది, మళ్లీ పడితే ఈసారి వాళ్లు ఉంగరం కోసం వెతుకుతారు.

నా పువ్వు అన్నయ్యగారి అరచేతి కింద ఉంది. నలభై ఫోటోల్లో ముప్ఫై ఏడు ఊగినవి, రెండు నా బొటనవేలివి. మిగిలినదాంట్లో చీమ చాలా బాగా పడింది.

తర్వాత వారం మనవరాలు అంతా విని, నవ్వు ఆపుకుని, "నిన్నెవరు దిగమన్నారు అమ్మమ్మా, దిగాల్సింది ఫోను" అంది. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే కన్ను నేల దగ్గరికి వస్తుందట. ఇంత చిన్న విషయం. ఫోటో తిరగబడదా అంటే, తిరగబడితే ఒక్క నొక్కుతో నిటారు చేసుకోవచ్చు, మనిషిని నిటారు చేయడం కంటే తేలిక. అప్పటినుంచి సెల్ఫీ కర్రకి ఫోన్ తలకిందులుగా బిగించి, పీట మీద కూర్చుని, బావిలోకి చేద దించినట్టు దించుతున్నాను. నొక్కడానికి వైరున్న ఇయర్‌ఫోన్, దాని సౌండ్ పెంచే బటన్ నొక్కితే నా ఫోన్ ఫోటో తీస్తుంది. చూసేవాళ్లకి నేను పువ్వు గుండె చప్పుడు వింటున్నట్టు ఉంటుందట. ఫోన్ ఊగకుండా కర్ర చివర ఇసక సంచి మీద ఆనిస్తాను, దించేముందే స్క్రీన్ మీద పువ్వును నొక్కిపట్టి ఫోకస్ కట్టేస్తాను, దించాక దూరం మారకుండా చూసుకుంటే చాలు. గాలి ఉంటే గబగబా పది తీసే పద్ధతి ఉంది, పదిలో ఒకటైనా నిలకడగా పడుతుంది. టైమర్ మాత్రం నాకు అచ్చిరాలేదు, పది సెకన్లు పువ్వు కదలకుండా నిలబడి సరిగ్గా పదకొండో దానికి ముందు తల ఊపుతుంది.

స్క్రీన్ పైకి మడిచే కెమెరా ఉంటే ఇంత తంటా లేదు, ఒళ్లో పెట్టుకుని బావిలోకి చూసినట్టు పైనుంచి చూసుకోవచ్చు. మా ఆయన కొంటానన్నారు, నేనే ముందు ఫోన్ ఎత్తడం నేర్చుకోమన్నాను.

ఆయన సలహా ఇంకోటి ఉంది, మొక్కనే పైకెక్కించమని. తనే ఒక గడ్డిచామంతిని మట్టి పెళ్లతో తవ్వి కుండీలో నాటారు, మొదటి రెండు రోజులు వాడి తర్వాత తేరుకుంది. కుండీని బల్ల మీద పెట్టి నేను కుర్చీలో కూర్చుంటే పువ్వు నా కళ్లకంటే ఎత్తులో ఉంది, వెనక ఆకాశం, మోకాళ్లకి పనే లేదు. తీశాక చూస్తే ఆకాశంతో పాటు తీగ మీద ఆరేసిన ఆయన బనియన్లు రెండు. కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరుపుకుని జూమ్ చేస్తే వెనక పడే చోటు ఇరుకై ఒక బనియన్ తగ్గింది. రెండోది ఆయన్నే తీయమన్నాను.

అయినా నాకు గడ్డిలోదే ఇష్టం. నిన్న పొద్దున మళ్లీ పీట వేసుకుని, కర్ర దించి, చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చున్నాను. గోడ మీద తల కనిపించింది.

"ఇంకా దొరకలేదా వదినగారూ?"

ఇంత కథ మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక, "లేదన్నయ్యగారూ, గాలి ఆగాలి" అన్నాను.

ఆయన ఆకాశం వంక చాలాసేపు చూసి, తలూపి, లోపలికి వెళ్లిపోయారు.