ప్రోమ్ పొలిమేర ఒక గిగాబైటు

పాలమూరులో ఒక ల్యాబు. మూలకు 1990 నాటి సన్ కంపెనీ కంప్యూటర్ స్పార్క్‌స్టేషన్ 2, దాంట్లో ఆ కంపెనీదే ఆపరేటింగ్ సిస్టమ్ సన్‌ఓఎస్ 4.1.4. 207 మెగాబైట్ల డిస్కు ముక్కుతూ మూలుగుతుంటే సార్ 9 గిగాబైట్ల స్కజీ (ఒకే కేబుల్‌కు వరసగా డిస్కులు తగిలించే పద్ధతి) డిస్కు పట్టుకొచ్చాడు. డిస్కుకు 80 పిన్నులు, మిషన్‌కు 50. మధ్యలో అడాప్టర్.

సీడీ నుంచి ఇన్‌స్టాల్ చేయబోతే ఎస్‌డీ0, అంటే మొదటి డిస్కు, లేనే లేదంది. డిస్కుకు నంబరిచ్చే బుల్లి పిన్ను మూతలు, ఐడీ జంపర్లు, 0 మీద ఉన్నాయి మరి. ఈ మిషన్‌లో ఐడీ 3 ఉన్నదే ఎస్‌డీ0, ఐడీ 0 ఉన్నది ఎస్‌డీ3. అచ్చం మన గల్లీ ఇంటి నంబర్ల లెక్క! 6 సీడీది, 7 మిషన్‌దే, వాటి జోలికి పోవద్దు. జంపర్ మార్చి, స్టాప్-ఏ నొక్కి మిషన్‌ను ఆపి, తగిలించిన డిస్కులను వెతికే ప్రోబ్-స్కజీ కమాండు కొడితే డిస్కు కనబడింది. కాసేపటికి మాయం.

"సార్, కొసకు టర్మినేటర్ పెట్టిన్రా?" అన్నాడు అటెండర్.

పెట్టలేదు. తీగ కొసన సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపేదే టర్మినేటర్. ఈ 80 పిన్నుల డిస్కులకు సొంత టర్మినేషన్ ఉండదు. ఎక్కడపడితే అక్కడ ఊడలు దించడానికి స్కజీ కేబులేం పిల్లలమర్రి కాదు: ఒకటే తీగ, రెండు కొసలకు రెండు టర్మినేటర్లు.

ఇక పార్టిషన్లు, అంటే డిస్కును పంచే వాటాలు. సిస్టమ్ ఫైళ్ళుండే రూట్‌కు దాదాపు 2 గిగాలు రాసిచ్చాడు సార్. అన్నీ ఎక్కాయి, బూటయింది, మిర్చి బజ్జీలు తెప్పించారు. నెల తర్వాత సిస్టమ్ గుండెకాయ కెర్నల్‌ను కొత్తగా కంపైల్ చేసి, దాని ఫైలు వీఎంయూనిక్స్‌ను కాపీ చేసి, రీబూట్ కొడితే కదలదు. డిస్కు పోయిందన్నారు, రామ్ పోయిందన్నారు, పాపం కరెంటోళ్ళనూ తిట్టారు.

పోయింది లెక్క. మిషన్‌ను బూట్ చేసే చిప్పులోని ప్రోగ్రాం, ఈ పాత ప్రోమ్, డిస్కును 6 బైట్ల స్కజీ కమాండుతో చదువుతుంది. బ్లాక్ నంబరుకు దాంట్లో 21 బిట్లే: 2097152 బ్లాకులు, ఒక్కోటి 512 బైట్లు, సరిగ్గా ఒక గిగా. పాత కెర్నల్ పొలిమేర లోపల పడింది, కొత్తది అవతల పడింది. ఎక్కడ పడుతుందో ఫైల్‌సిస్టమ్ ఇష్టం. అందుకే నెలరోజులు నడిచి మరీ మోసం చేసింది.

మళ్ళీ మొదటినుంచి. వాటాలకు ఎ నుంచి హెచ్ దాకా పేర్లు. డిస్కు మొదట్లోనే రూట్ ఉండే ఎ-కి 100 మెగాబైట్లు, రామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌కు బి-లో 200. మిగిలింది డి నుంచి హెచ్ దాకా ఐదింటికి సుమారు 1.7 గిగాల చొప్పున, ఎందుకంటే సన్‌ఓఎస్ 4లో ఏ ఫైల్‌సిస్టమూ 2 గిగాలు దాటకూడదు. సి అంటే మొత్తం డిస్కు, దాన్ని ముట్టొద్దు.

అటెండర్ స్క్రీన్ దిక్కు వంగి చూసి, "సార్, సి అనేది 9 గిగాలు ఖాళీగనే ఉన్నది గద, న్యూఎఫ్‌ఎస్ కొట్టి ఫార్మాట్ చేసి మా అక్క పెండ్లి ఫొటోలు పెట్టుకుంటా," అన్నాడు.

సార్ కీబోర్డు వైరు పీకి జేబులో పెట్టుకున్నాడు.