మీ పిల్లల మూడో తరగతి టీచర్ని, సర్వర్ ఒప్పుకుంటే

మూడో తరగతి పిల్లల అమ్మానాన్నలందరికీ నమస్కారం. నేను మీ పిల్లల క్లాస్ టీచర్ని. మనది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, తరగతులు ఐదు, టీచర్లం ఇద్దరం. అందుకని మూడు, నాలుగు, ఐదు మూడూ నావే, గది ఒక్కటే, నల్లబల్లను సుద్దముక్కతో గీతలు గీసి మూడు వాటాలు పంచాను. మీ వాళ్లది కిటికీ వైపు వాటా, గాలి బాగా వస్తుంది. నా అర్హతలు డీఎడ్, టెట్, డీఎస్సీ, ఆపైన ఒకేసారి రెండు ఫోన్లలో ఓటీపీ కొట్టగల నేర్పు. ఈ ఆఖరిది ఉద్యోగంలో చేరాక సంపాదించినది, ప్రమోషన్‌కి పనికొస్తుందో లేదో ఇంకా తేల్చలేదు.

ఉదయం తొమ్మిదికి నా పని ముఖంతో మొదలవుతుంది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకు ముఖ హాజరు పెట్టారు కదా, అప్పటినుంచి ఫోన్ నన్ను గుర్తుపడితేనే నేను బడికి వచ్చినట్టు. పిల్లలు గేటు దగ్గరే గుర్తుపట్టి "మేడమొచ్చింది రోయ్" అని అరుస్తారు గానీ ఆ సాక్ష్యం చెల్లదు. నా హాజరు అయ్యాక పిల్లల హాజరు, ఆ తర్వాత ఎంతమంది భోంచేస్తారో ఆ లెక్క. కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా యాప్‌లో పెట్టాం, వెలుతురు ఎటునుంచి పడితే బాగా వస్తాయో నాకిప్పటికీ గుర్తే, ఎవరింట్లో పెళ్లయినా ఫోటోలకు నన్ను పిలవచ్చు. ఇవన్నీ అయ్యేసరికి మొదటి పీరియడ్ గంట కొట్టేస్తారు. ఆ పీరియడ్‌ని మీరు డిజిటల్ విద్య అనుకోవాలని మనవి.

ఇక సిలబస్ సంగతి. గణితం మాత్రం మా దగ్గర పూర్తిగా ఆచరణాత్మకం. వారానికి తలా 5 గుడ్లు, 27 మంది పిల్లలు, మొత్తం ఎన్ని? 135. వీళ్లలో ఇద్దరు గుడ్డు తినరు, ఒకడు శుక్రవారం మాత్రమే తినడు, వచ్చినవాటిలో నాలుగు పగిలాయి, యాప్‌లో మాత్రం అంకె సరిపోవాలి. ఇది మూడో తరగతి లెక్కా, ఆడిట్ పరీక్షా అని అడక్కండి. చిక్కీ ఇచ్చే రోజులు, రాగిజావ ఇచ్చే రోజులు వేరువేరుగా గుర్తుపెట్టుకోవడం వల్ల మీ పిల్లలకు వారాల పేర్లు తొందరగా వచ్చేశాయి, ఆ ఘనత నాది కాదు.

భాషల్లో మాకు కొరత లేదు. పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. పిల్లలు రెంటికీ మధ్య న్యాయంగా నడుచుకుంటారు, రెండింటిలోనూ బొమ్మలే చూస్తారు. 2023లో ఇంకో మెట్టెక్కి మూడో తరగతి నుంచే టోఫెల్ మొదలుపెట్టారు. అమెరికాలో చదవడానికి వెళ్లేవాళ్లు రాస్తారే, ఆ ఇంగ్లీషు పరీక్ష పెట్టే సంస్థదే, పిల్లల కోసం చేసిన రకం. మా క్లాసులో ఒకడికి అప్పటికి క వత్తుకీ త వత్తుకీ తేడా తెలియదు, పక్క మండలం దాటి వెళ్లలేదు, కానీ అంతర్జాతీయ ప్రమాణాలకు మాత్రం దగ్గరపడ్డాడు. ప్రభుత్వం మారాక టోఫెల్ వెళ్లిపోయింది. వాడు ఇక్కడే ఉన్నాడు, వత్తులు నేర్చుకుంటున్నాడు.

పరిసరాల విజ్ఞానానికి మాత్రం నాకంటే తగినవాళ్లు ఈ మండలంలో దొరకరు. మీ ఇంటి నంబరు, మీ ఇంట్లో ఎంతమంది, ఎవరికి పద్దెనిమిది నిండాయి, ఎవరు ఊళ్లో లేరు, అన్నీ నాకు తెలుసు. ఓటర్ల జాబితా చూసే పనీ నాదే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంటుంది: జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు చదువుతో సంబంధం లేని పనులు చెప్పకూడదు. చూశారా, ఎంత చిన్న జాబితానో. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సరిచేయడానికి టీచర్లను పంపారు, అది విపత్తు కిందికే వస్తుందని నా నమ్మకం, ఎవరి విపత్తన్నదే తేలాలి. 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వేకి ప్రైమరీ టీచర్లు బయల్దేరితే అక్కడి బడులు ఒంటిపూట నడిచాయి. సర్వే అవసరమే, కాదనను. కాకపోతే ఏ సర్వే అవసరమైనా ముందు గుర్తొచ్చేది మా ముఖమే, ముఖ హాజరు లేని రోజుల్లో కూడా. మీ ఇంటికి ఎన్నికలప్పుడు వచ్చాను, జాబితా సవరణకు వచ్చాను. మీ వాడి నోట్‌బుక్ చూపిద్దామని వచ్చిన రోజున తాళం వేసి ఉంది.

మూడో తరగతి గురించి ఇంకో గొప్ప విషయం. టీచర్లకు బదిలీలుంటాయని మీకు తెలుసు, మా తరగతికి కూడా ఉంటాయి. 2022లో జీవో 117 వచ్చింది, కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు అక్కడికి వెళ్లాలన్నారు. ఎనిమిదేళ్ల పిల్లలు పదో తరగతి అన్నల మధ్య నీళ్ల కుళాయి కోసం ఎదురుచూసేవారు. 2025లో ఆ జీవో రద్దయింది. వెళ్లిన మూడో తరగతి తిరుగు ప్రయాణం కట్టింది. ఇంత చిన్న వయసులో ఇన్ని ఊళ్లు చూసిన తరగతి దేశంలో ఇంకోటి ఉండదు.

అదీగాక దేశమంతా మమ్మల్నే కొలుస్తుంది. 2021లో జాతీయ సాధన సర్వే మూడో తరగతిని పరీక్షించింది, 2022లో ఇంకో అధ్యయనం అచ్చంగా మూడో తరగతికే పెట్టారు, 2024 డిసెంబర్ 4న పరఖ్ అనే ఇంకో జాతీయ సర్వే వచ్చి మళ్లీ మూడుతోనే మొదలుపెట్టింది. కేంద్రం పథకం నిపుణ్ భారత్ అయితే 2026-27కల్లా మూడో తరగతి దాటే ప్రతి బిడ్డా ధారాళంగా చదవాలని గడువే పెట్టింది. పిల్లల చదువు లెక్కతీసే అసర్ సర్వే వాళ్లు ఊళ్లలో తిరిగి రెండో తరగతి పాఠం చదవమంటారు. 2024లో దేశం మొత్తం మీద పల్లెల్లోని సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో నూటికి 23 మంది చదవగలిగారు. ఈ అంకె చూసి పెద్దలంతా ఆందోళన పడ్డారు, ఆందోళన పడి ఇంకో యాప్ ఇచ్చారు.

చదవడం రావాలంటే ఏం చేయాలో నాకు తెలియక కాదండీ. పక్కన కూర్చోవాలి, వేలు అక్షరం కింద పెట్టించాలి, తప్పు చదివితే తొందరపడకుండా మళ్లీ చదివించాలి, రోజూ ఒక్కో పిల్లకి పది నిమిషాలు దొరికితే చాలు. 27 మందికి పదేసి నిమిషాలంటే నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటల కోసం ఏ లాగిన్‌లో దరఖాస్తు పెట్టాలో చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఈసారి అడుగుతాను, మీటింగ్ కూడా బడి వేళలోనే పెడతారు గనక ఆ రోజు పిల్లల్ని నాలుగో తరగతి లీడర్ చూసుకుంటాడు, బాగా చదువుతాడు.

మీ పిల్లల గురించి మాట్లాడాలనుకుంటే సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా రావచ్చు. సర్వర్ పనిచేస్తుంటే ఆఫీసు గదిలో ఉంటాను. పనిచేయకపోతే వెనక ట్యాంకు ఎక్కి ఉంటాను, సిగ్నల్ అక్కడొక్కటే దొరుకుతుంది, కింద నుంచి గట్టిగా పిలవండి. వచ్చేటప్పుడు పిల్లాడి ఆధార్, మీ ఆధార్, లింకైన ఫోన్ తెచ్చుకోండి, ఓటీపీ వస్తుంది.