రిసీవర్ వెనక ఒక కరణం కావాలి

గ్రామ కరణాల వ్యవస్థను 1984లో రద్దు చేసిన నాటి ప్రభుత్వం, మున్ముందు టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంచే హోమ్ థియేటర్ రిసీవర్ అనే పెట్టె ఒంగోలు ఇళ్ల హాళ్లలో కొలువుదీరుతుందనీ, దాని వెనక వైపు లెక్క చెప్పడానికి కరణం తప్ప మరో దిక్కు ఉండదనీ ఊహించకపోవడం విచారకరం. కరణాలు లెక్కలు తారుమారు చేసేవారన్న ఆరోపణ నిజమే కావచ్చు గానీ, కేబుళ్లను తారుమారు చేయడానికి ఇంటిల్లిపాదీ చాలు.

చట్టం స్పష్టంగానే ఉంది. టీవీకి ఎన్ని హెచ్‌డీఎంఐ పోర్టులున్నా, ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టు ఒక్కటే టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు వెనక్కి పంపుతుంది; 2009లో వచ్చిన ఈ సదుపాయం, అచ్చం అలాగే కనిపించే పక్క పోర్టుకు వర్తించదు. రిసీవర్ వైపు మాత్రం కేబుల్‌ను అవుట్ అని రాసిన చోట గుచ్చాలి. "అబ్బయ్యా, లోపలికి రావాల్సిన సౌండుకి అవుట్‌లో పెట్టేదేంది?" అని మా మామగారు అడిగిన ప్రశ్నకు మా వీధిలో ఇంతవరకు జవాబు రాలేదు. పైగా టీవీ సెట్టింగుల్లో సీఈసీకి, అంటే ఒక్క రిమోట్‌తో రెండు పెట్టెలనూ ఆడించే ఏర్పాటుకు, అనుమతి ఇవ్వాలి. దానికి సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పేర్లు పెట్టుకున్నాయి. ఒకే సర్వే నంబరుకు మూడు పట్టాలన్న మాట.

ఈ తగాదా పడలేనివారు 1983లో తోషిబా తెచ్చిన ఆప్టికల్ కేబుల్‌ను ఆశ్రయిస్తారు. అది 5.1 దాకా, అంటే ఐదు స్పీకర్లకూ ఒక బేస్ పెట్టెకూ సరిపడా శబ్దం దాకా, మోస్తుంది గానీ నెత్తి మీది నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్‌ను మోయదు. కనుక సీలింగుకు ఖర్చు పెట్టి బిగించిన స్పీకర్లు దుమ్ము పట్టే పని మాత్రం నిష్ఠగా చేస్తాయి.

స్పీకర్ వైర్ల సంగతి మరింత సున్నితం. ఎర్ర టెర్మినల్ నుంచి తప్పించుకున్న వెంట్రుకంత రాగిపోగు పక్కనున్న నల్ల టెర్మినల్‌ను తాకితే, రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ఆ పోగు తెగి బంగారు చుక్కల చీమకుర్తి గ్రానైటు మీద పడిందంటే ఇక టార్చి వేసినా దొరకదు. ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తిరగబడితే మాత్రం ఏదీ ఆరిపోదు, బేస్ పలచబడుతుందంతే. చూడవచ్చిన బంధువులు ఆ శబ్దాన్నే మెచ్చుకొని కాఫీ తాగి వెళ్తారు.

అందుచేత ప్రతి ఇంటికీ ఒక కరణాన్ని నియమించి, ప్రతి కేబుల్‌కూ రెండు కొసలా చీటీ అంటించి, అడంగల్‌లో నమోదు చేయించాలని మనవి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మేనల్లుడు తన గేమ్ పెట్టె కోసం ఏఆర్‌సీ పోర్టులోని కేబుల్‌ను పీకితే, దాన్ని యథాస్థానంలో బిగించేదాకా అతణ్ణి బస్సెక్కనివ్వని అధికారం కూడా ఆ కరణానికి ఉండాలి. ఈ నిబంధన మీద మా అక్కయ్య ఇప్పటికే అభ్యంతరం దాఖలు చేసింది.