మునిగి చచ్చినవాడి ఫొటో

“ఫొటో అబద్ధం చెప్పదు” అనేవాళ్లందరికీ ఒక ఫ్రెంచి గుమాస్తా శవాన్ని చూపించాలని ఎన్నాళ్లుగానో నా కోరిక.

శవం పేరు హిప్పొలిత్ బయార్. పారిస్‌లో ఆర్థిక మంత్రిత్వ శాఖ ఉద్యోగి. కాగితం మీద నేరుగా ఫొటో పడే పద్ధతి సొంతంగా కనిపెట్టాడు. వెండి లవణం పట్టించిన కాగితాన్ని ముందే వెలుతురుకు నల్లబరిచి, పొటాషియం అయొడైడ్‌లో ముంచి కెమెరాలో పెడితే, వెలుగు తగిలిన చోటల్లా తెల్లబడుతుంది. 1839 జూన్ 24న 30 ఫొటోలు జనానికి చూపించాడు కూడా. మరి ఆఫీసు పని ఎప్పుడు చేశాడని అడక్కండి. ఉద్యోగుల్ని అలా అడగడం మర్యాద కాదు.

కానీ శాస్త్రవేత్తా, చట్టసభ సభ్యుడూ అయిన అరాగో అప్పటికే, వెండి పూత రేకు మీద ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన దగ్గేర్‌ను నెత్తిన పెట్టుకున్నాడు. బయార్‌ను కాస్త ఆగమన్నాడు. దగ్గేర్‌కు బతికినన్నాళ్లూ ఏడాదికి 6,000 ఫ్రాంకుల పింఛను. బయార్‌కు సామాన్ల ఖర్చు కింద 600, అదీ ఒక్కసారే. (ఆగస్టు 19న దగ్గేర్ విద్యను ఫ్రాన్సు లోకమంతటికీ ఉచితంగా ధారపోసింది. ఐదు రోజుల ముందే ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నారు. దానకర్ణులకూ ఇంటి ఖర్చులుంటాయి.)

మనవాళ్లయితే ధర్నాకు కూర్చుంటారు. బయార్ 1840 అక్టోబరులో చచ్చి కూర్చున్నాడు. తనే తీసుకున్న ఆ ఫొటోలో ఒంటి మీద చొక్కా లేదు, నడుముకు గుడ్డ, వాలిన తల, మూసిన కళ్లు, పక్కన వేలాడే గడ్డి టోపీ. ఫొటో వెనక తనే రాసుకున్నాడు: దగ్గేర్‌కు అంతంత ఇచ్చిన సర్కారు తనకేమీ చేయలేనందనీ, అందుకే నీళ్లలో పడ్డాడనీ, శవం కోసం ఎవరూ రాలేదనీ, మొహమూ చేతులూ కుళ్లుతున్నాయి కనుక వాసన తగలకముందే కదలమనీ. చూస్తే నిజంగానే నల్లగా ఉన్నాయి. ఎండకు కమిలాయంటారు.

వేషం ఎంపికలో సాంకేతిక వివేకమూ ఉంది. ఆ పద్ధతిలో నిమిషాల తరబడి కదలకూడదు. బతికున్నవాడికి అది శిక్ష, శవానికి అలవాటు.

ఈ ఉపాయాన్ని మా వీధి రిటైర్డ్ మాస్టారికి సిఫారసు చేశాను. “నయమే! బతికున్నామని ఏటా నవంబరులో మొహం చూపిస్తేనే పింఛను వస్తోంది నాయనా. కళ్లు మూశామంటే అదీ ఆగిపోతుంది” అన్నారు.

బయార్‌కు ఆపడానికి పింఛనే లేదు. చచ్చాక దాదాపు 47 ఏళ్లు హాయిగా ఫొటోలు చూసుకుంటూ బతికాడు. 1863లో సర్కారు ఫ్రాన్సులో పెద్ద బిరుదైన లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. చచ్చిన 23 ఏళ్లకు. ఫైలు కాస్త తొందరగానే కదిలింది.