పట్నం పంపే ముందు

‘ఇక్కడ కాదు, పట్నం తీస్కపోండి.’ దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, గద్వాలలోనో ఊపిరాడని మనిషిని ఆసుపత్రికి తెచ్చిన బంధువులకు మొదట వినపడే మాట ఇదే. మాటలో తప్పు లేదు. ఆ మాట అన్నాక అంబులెన్స్ కదిలేదాకా ఏమీ జరగకపోవడమే తప్పు. ఆ రోగి కీమోథెరపీలో ఉన్న రక్తక్యాన్సర్ బాధితుడో, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాడో, వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మధ్యలో మానేసిన హెచ్‌ఐవీ బాధితుడో, లూపస్‌కు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు) ఏళ్లుగా స్టెరాయిడ్ మింగుతున్న మహిళో, అంటే రోగనిరోధక శక్తి తగ్గిన మనిషి అయితే, బతుకు చావులు చాలావరకు ఆ మొదటి కొద్ది గంటల్లోనే తేలిపోతాయి.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా మాట ఎక్మో యంత్రం మీదికి పోతుంది. 2020లో గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చెన్నైలో చికిత్స పొందిన రోజుల్లో వెలువడిన బులెటిన్లతో ఆ పేరు మన ఇళ్లలోకి వచ్చింది. తొడ దగ్గరి సిరలోంచి చిటికెన వేలంత గొట్టంతో నిమిషానికి 4 నుంచి 5 లీటర్ల రక్తాన్ని బయటికి లాగి, ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ తీసేసి, మెడ సిర గుండా లోపలికి పంపడం దాని పని. ఊపిరితిత్తులు కోలుకునేదాకా అది గడువు ఇస్తుంది, అంతే. జబ్బును అది నయం చేయదు. రోగనిరోధక శక్తి తగ్గినవారి విషయంలో ఆ గడువు కూడా ఖరీదైనదే. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి. కీమో రోగికి ప్లేట్‌లెట్లు అప్పటికే అడుగంటి ఉంటాయి కనుక మెదడులోనో పేగుల్లోనో రక్తస్రావం కాచుకుని ఉంటుంది. ఫంగస్‌కు ఇచ్చే వోరికొనజోల్ లాంటి మందు ఆ గొట్టాలకే అంటుకుపోయి ఒంట్లో మోతాదు చాలకుండా పోతుంది. ఇలాంటి 203 మంది రోగుల మీద పలు దేశాల ఐసీయూలు కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఎక్మో పెట్టాక ఆరు నెలలు బతికినవారు నూటికి 30 మంది. రోగనిరోధక లోపం బయటపడి నెల కూడా కానివారు వారిలో కొంత మెరుగు. ఇతరుల మూలకణాలు ఎక్కించుకున్నవారికి ఆశ మరీ తక్కువ. కాబట్టి జిల్లాకో ఎక్మో అన్న వాదనను మేము సమర్థించం. నెలకు ఒకరిద్దరికి వాడే చోట ఆ యంత్రం మీద సిబ్బందికి చేయి తిరగదు. అది హైదరాబాద్‌లో ఉండాల్సిందే. అక్కడికి చేరేదాకా రోగి బతికి ఉండటం మన జిల్లాల పని.

ఆ పనిలో మొదటిది కారణం పట్టుకోవడం. రెండు ఊపిరితిత్తులూ ఎక్స్‌రేలో తెల్లబడితే చాలాచోట్ల ‘న్యుమోనియా’ అని రాసి రెండు యాంటీబయాటిక్‌లు తగిలించి ఊరుకుంటారు. రోగనిరోధక శక్తి లేని ఒంట్లో ఆ తెలుపు వెనుక మామూలు బ్యాక్టీరియా ఉండొచ్చు, క్షయ ఉండొచ్చు, న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ ఉండొచ్చు, ఆస్పర్‌జిల్లస్, సైటోమెగలో వైరస్, చివరికి కీమో మందే ఊపిరితిత్తిని కాల్చి ఉండొచ్చు. దేనికి దాని మందు వేరు. కారణం తేలని రోగుల్లో మరణాలు ఎక్కువని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 500 లోపు పడిపోయి జ్వరం వస్తే రక్తం కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షకు) తీసి, గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలి. రిపోర్టుల కోసం ఆగకూడదు.

న్యుమోసిస్టిస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. హెచ్‌ఐవీ రోగిలో అది వారాల తరబడి పొడిదగ్గుతో మెల్లగా ముదురుతుంది. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో నాలుగైదు రోజుల్లోనే ముంచేస్తుంది, అదీ తరచుగా మోతాదు తగ్గిస్తున్న దశలో. దీని మందు మన ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ తెలిసిన కోట్రైమోక్సజోలే. కాకపోతే మోతాదు వేరు: అందులోని ట్రైమెథోప్రిమ్ లెక్కన కిలో బరువుకు రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, 21 రోజులు. 50 కిలోల మనిషికి డబుల్ స్ట్రెంత్ మాత్రలు (ఒక్కోదాంట్లో 160 మిల్లీగ్రాముల ట్రైమెథోప్రిమ్) రోజుకు ఐదారు అన్నమాట. రక్తంలో పొటాషియం పెరుగుతుంది కనుక రెండు మూడు రోజులకోసారి చూసుకోవాలి. మందు మొదలుపెడితే పరీక్ష చెడిపోతుందన్న భయంతో ఆగేవారున్నారు. ఆ భయం అక్కర్లేదు. చికిత్స మొదలైన చాలా రోజుల తర్వాత కూడా ఊపిరితిత్తులు కడిగి తీసిన నీటిలో ఆ క్రిమి ఆనవాళ్లు దొరుకుతాయి.

అసలు ఇది రాకుండా ఆపే దారి కూడా ఆ మాత్రదే. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి నెల రోజులు వాడే రోగికి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే మరో కారణం కూడా తోడైతే, రోజుకో డబుల్ స్ట్రెంత్ మాత్ర రక్షణగా ఇవ్వాలి. రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాలు 200 లోపున్న హెచ్‌ఐవీ రోగికీ అంతే. ఇక్కడ మన ప్రాంతపు పాపం ఒకటి ఉంది. ఫ్లోరైడ్ నొప్పులతోనో, పొలం పనులతో అరిగిన మోకాళ్లతోనో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే పడే ‘నొప్పి సూది’లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుందని అందరికీ తెలుసు, ఎవరూ చీటీ మీద రాయరు. 2 మిల్లీలీటర్ల సీసాలో 8 మిల్లీగ్రాములుంటుంది. ప్రెడ్నిసొలోన్ లెక్కలో అది 50 మిల్లీగ్రాముల పైమాటే. వారానికి మూడు సూదులు వేయించుకుంటున్న మనిషికి రోగనిరోధక శక్తి తగ్గిందని ఆ మనిషికీ తెలియదు, క్యాజువాల్టీ డాక్టరుకూ తెలియదు. ‘సూదులు ఏమైనా వేయించుకున్నరా?’ అన్న ప్రశ్న కేసు షీటులో అచ్చై ఉండాలి.

ఆక్సిజన్ సంగతికొద్దాం. ముక్కు గొట్టాల ద్వారా వెచ్చని, తేమగల గాలిని నిమిషానికి 30 నుంచి 60 లీటర్లు పంపే హై ఫ్లో యంత్రాలు కొవిడ్ పుణ్యమా అని జిల్లాలకు వచ్చాయి. రోగికి అవి హాయిగా ఉంటాయి, మాట్లాడగలడు, తినగలడు. చిక్కూ అక్కడే. వేలికి పెట్టిన ఆక్సిమీటర్‌లో 90 కనిపిస్తున్నంతసేపు అందరూ ధీమాగా ఉంటారు, రోగి మాత్రం నిమిషానికి 36 సార్లు ఎగశ్వాస తీస్తూ అలిసిపోతుంటాడు. దీనికి రోక్స్ అనే సులువైన లెక్కుంది. ఆక్సిమీటర్ అంకెను, ఇస్తున్న ఆక్సిజన్ పాలుతో భాగించి, వచ్చినదాన్ని నిమిషానికి శ్వాసల సంఖ్యతో భాగించాలి. 80 శాతం ఆక్సిజన్ ఇస్తుంటే, 90ని 0.8తో భాగిస్తే 112.5, దాన్ని 36తో భాగిస్తే 3.1. ఆరు గంటలు గడిచాక కూడా ఇది 3.47 లోపుంటే హై ఫ్లో గట్టెక్కించే అవకాశం తక్కువ, శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టే ఏర్పాట్లు చూసుకోవాలి. రాత్రంతా చూసి తెల్లవారుజామున గుండె తడబడుతుండగా వేసే ట్యూబే ఎక్కువమందిని చంపుతోంది.

ట్యూబ్ వేశాక వెంటిలేటర్‌లో గాలి ఎంత పెట్టాలన్నది ఒంటి బరువును బట్టి కాదు, ఎత్తును బట్టి. సెంటీమీటర్లలో ఎత్తులోంచి 152.4 తీసేసి, 0.91తో హెచ్చించి, ఆడవారికి 45.5, మగవారికి 50 కలపాలి. 155 సెంటీమీటర్ల మహిళకు 48 కిలోలు వస్తుంది. కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున ఒక్కో శ్వాసకు 290 మిల్లీలీటర్లు. ఆమె తూకం 70 కిలోలైనా ఇంతే. అలవాటు కొద్దీ 500కు తిప్పి వదిలేస్తే కిలోకు పది దాటిపోతుంది, మిగిలిన కాస్త ఊపిరితిత్తీ చిరుగుతుంది. 12 మిల్లీలీటర్ల బదులు 6 ఇస్తే మరణాలు నూటికి దాదాపు 40 నుంచి 31కి తగ్గాయని 2000 సంవత్సరంలోనే అమెరికా పరీక్ష తేల్చింది. ఇందుకు కావాల్సిన అదనపు పరికరం దర్జీ టేపు ఒక్కటే.

తర్వాత బోర్లా పడుకోబెట్టడం. రోజుకు కనీసం 16 గంటలు. 2013లో ఫ్రాన్స్, స్పెయిన్ ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షలో దీనివల్ల నెల లోపు మరణాలు 33 శాతం నుంచి 16కి పడిపోయాయి. ఏ మందుకూ ఇంత ఫలితం లేదు. ఐదుగురు మనుషులు కావాలి: తల దగ్గర ట్యూబ్ పట్టుకునేవారు ఒకరు, చెరోపక్క ఇద్దరేసి. ముందుగా ముక్కు గొట్టం ఫీడింగ్ ఆపాలి, కళ్లకు జెల్ రాసి మూయాలి, ఛాతీ కింద, కటి కింద దిండ్లు పెట్టి పొట్ట ఆనకుండా చూడాలి. రెండు గంటలకోసారి తల తిప్పకపోతే చెంప మీద పుండు పడుతుంది. ట్యూబ్ ఊడటం అసలు ప్రమాదం. అందుకే తల దగ్గరున్నవారి లెక్క మీదే మిగిలినవారు కదలాలి. మహబూబ్‌నగర్ వైద్య కళాశాల 2016లో, నల్లగొండ, సూర్యాపేట 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తి 2022లో మొదలయ్యాయి. ఇన్ని బోధనాసుపత్రులున్న ప్రాంతంలో రాత్రి షిఫ్టుకు ఆ ఐదుగురు దొరకలేదంటే అది డబ్బు సమస్య కాదు, డ్యూటీ చార్టు సమస్య.

ఇవన్నీ చేశాకే పట్నం బండి. దానికీ లెక్కుంది. అంబులెన్స్‌లోని చిన్న సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 60 లీటర్లు తాగే హై ఫ్లో మీద రోగిని ఎక్కిస్తే 25 నిమిషాల్లో ఖాళీ. నల్లగొండలో బయల్దేరిన బండి నార్కట్‌పల్లి దగ్గరే ఆగిపోతుంది. 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ కూడా రెండు గంటలు రాదు. అదే ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద నిమిషానికి 10 లీటర్లతో తీసుకెళితే చిన్న సిలిండరే రెండున్నర గంటలు వస్తుంది. దారిలో పట్టే సమయానికి రెట్టింపు ఆక్సిజన్ లేనిదే బండి గేటు దాటకూడదు. రోగి వెంట వెళ్లే కాగితంలో చివరి కీమో తేదీ, స్టెరాయిడ్ మోతాదు, సీడీ4, ఎత్తు, వెంటిలేటర్ అంకెలు, కల్చర్‌కు ముందు ఇచ్చిన మందులు ఉండాలి. ‘ఉన్నత చికిత్స నిమిత్తం’ అన్న ఒక్క ముక్కతో అవతలి డాక్టరు ఏం చేసుకుంటాడు?

అన్నీ సరిగ్గా చేసినా బతకనివారు ఉంటారు. వారి కుటుంబాలతో ఆసుపత్రులు మాట్లాడే తీరు మారాలి. ‘ఐదు రోజులు దేనికీ వెనకాడకుండా చేస్తాం, ఆరో రోజు కిడ్నీలు, రక్తపోటు, ఊపిరితిత్తులు ఎటు పోతున్నాయో చూసి మళ్లీ కూర్చుని మాట్లాడదాం’ అని మొదటి రోజే చెబితే, రోజుకు లక్ష దాటే బిల్లుకు భూమి అమ్మాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్లు ఆలోచించుకుంటారు. ఇప్పుడు జరుగుతున్నది వేరు: డబ్బులయ్యాక ‘మా ఇష్టప్రకారం తీసుకుపోతున్నాం’ అని సంతకం పెట్టించుకుని, ఊరి పొలిమేరలో ట్యూబ్ తీసేస్తున్నారు. నొప్పి తెలియకుండా చేసే మందు కూడా లేకుండా. ఫలించని ప్రాణాధార చికిత్సను ఆపడానికి సుప్రీంకోర్టు 2018లో దారి చూపింది, 2023 జనవరిలో దాన్ని సులభం చేసింది. ఆసుపత్రి స్థాయిలో ఒక వైద్య బోర్డు, జిల్లా వైద్యాధికారి నియమించే డాక్టరుతో రెండో బోర్డు, రెండూ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. పొరుగున కర్ణాటక 2025 జనవరిలో ఇందుకు ఉత్తర్వు ఇచ్చింది. నల్లగొండ, పాలమూరు జిల్లాల వైద్యాధికారులు రెండో బోర్డుకు డాక్టర్ల పేర్లు ఖరారు చేసి, ఫోన్ నంబర్లతో సహా ప్రతి ఐసీయూకు పంపడానికి ఒక్క రోజు పని చాలు.