లీక్టెన్‌స్టైన్ వాళ్ళు పని చెయ్యకుండా ధనవంతులు కాలేదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో బాబాయి మొన్న ఒక పోస్టు పెట్టారు. ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒకరు పంపే పోస్టే అది. అందులో ఉన్నది ఇదీ: "లీక్టెన్‌స్టైన్ అనే చిన్న దేశానికి సొంత డబ్బు లేదు, సొంత భాష లేదు, విమానాశ్రయం లేదు. అన్నీ పక్క దేశాల దగ్గర అరువు తెచ్చుకుంది. రాజుగారు జనం సొమ్ము ముట్టరు, ప్రజలు పన్ను కట్టరు. జైల్లో ఏడుగురే ఖైదీలు. పెద్దగా పని చెయ్యకపోయినా అందరూ కోటీశ్వరులే. తెలివంటే అదీ!"

బాబాయి మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ ఇందులో సగం తప్పు. మిగతా సగం నిజమే అయినా దానికి చెప్పిన కారణం తప్పు. గ్రూపులో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు, వాళ్ళు దీన్ని నమ్మితే నాకు బాధ. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని రాస్తున్నాను.

విమానాశ్రయం లేని మాట నిజమే. అది తెలివి కాదు, చోటు లేకపోవడం. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఇరుక్కున్న ఆ దేశం మొత్తం 160 చదరపు కిలోమీటర్లు. మన శంషాబాద్ విమానాశ్రయం ఒక్కటే సుమారు 5,500 ఎకరాలు. అలాంటివి ఏడు పక్కపక్కన పెడితే ఆ దేశం నిండిపోతుంది. అందులోనూ చాలా భాగం ఆల్ప్స్ కొండలే. పడమటి సరిహద్దున రైన్ నది పక్కన ఉన్న సన్నటి మైదానంలోనే ఊళ్ళూ, పొలాలూ, ఫ్యాక్టరీలూ అన్నీ సర్దుకోవాలి.

ఇక భాషను అరువు తెచ్చుకున్నారనడం నాకు అస్సలు నచ్చలేదు. తెలంగాణ వాళ్ళు ఆంధ్రా నుంచి తెలుగు అరువు తెచ్చుకున్నారంటే ఊరుకుంటామా? అక్కడ అధికార భాష జర్మన్. ఇళ్ళలో మాట్లాడేది దాని అలెమానిక్ యాస, అది తరతరాలుగా వాళ్ళదే. కొండ మీది ట్రీసెన్‌బెర్గ్ ఊళ్ళో, మధ్యయుగంలో వలస వచ్చిన వాల్జర్ జనం యాస ఇప్పటికీ వేరుగా వినిపిస్తుంది.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. స్విస్ ఫ్రాంకు వాడటం హాయిగా కూర్చుని వేసుకున్న పథకం కాదు. 1852 నుంచి ఆ దేశం సుంకాల ఒప్పందం ఆస్ట్రియాతో ఉండేది, చలామణిలో ఉన్నదీ ఆస్ట్రియా డబ్బే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఆస్ట్రియా డబ్బు, అంటే క్రౌను, విలువ పాతాళానికి పడిపోయి, జనం దాచుకున్నదంతా చిత్తుకాగితాలైంది. 1919లో ఆస్ట్రియాతో ఒప్పందం తెంచుకున్నారు, 1923లో స్విట్జర్లాండ్‌తో కొత్తది కుదుర్చుకున్నారు. మరుసటి ఏడు అది అమల్లోకొచ్చింది, స్విస్ ఫ్రాంకే వాళ్ళ డబ్బైంది. అయినా కష్టాలు తీరలేదు. 1927లో రైన్ గట్టు తెగి ఊళ్ళూ పొలాలూ మునిగిపోయాయి. ఆ రోజుల్లో విదేశీ సేకర్తలకు తపాలా బిళ్ళలు అమ్మితే వచ్చే సొమ్ము ఖజానాకు పెద్ద ఆధారం.

పైగా ఇంకొకరి కరెన్సీ వాడితే దానికి మూల్యం ఉంటుంది. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు, యూరోతో పోలిస్తే ఫ్రాంకు విలువ ఒక హద్దు దాటి పెరగకుండా తాను పెట్టిన పరిమితి ఎత్తేసింది. ఒక్క పూటలో ఫ్రాంకు విలువ విపరీతంగా పెరిగింది. లీక్టెన్‌స్టైన్ ఎగుమతి కంపెనీలకు ఎంత టెన్షనో ఊహించండి. వాళ్ళ సరుకు రాత్రికి రాత్రి ఖరీదైపోయింది, ఆ నిర్ణయంలో వాళ్ళకు ఓటు లేదు.

రాజుగారన్నారు కదా, ఆయన ప్రిన్స్, పేరు రెండో హాన్స్ ఆడమ్. 2004 నుంచి రోజువారీ బాధ్యతలు కొడుకు అలోయిస్ చూస్తున్నారు. ఆ కుటుంబం సొంత ఆస్తి మీద బతికే మాట నిజమే, ఎల్‌జీటీ అనే పెద్ద బ్యాంకే వాళ్ళది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చెకోస్లొవేకియాలో భూములు పోయాక డబ్బుకు ఇబ్బంది పడ్డారు కూడా. 1967లో లియొనార్డో డా విన్చీ గీసిన జినేవ్రా చిత్తరువును వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి అమ్మారు.

కానీ డబ్బు తీసుకోనంత మాత్రాన ఆయన ఊరికే ఉండే దొర కాదు. యూరప్‌లో ఇంత అధికారం ఉన్న రాచకుటుంబాలు అరుదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని, జనం ఓటేసి గెలిపించిన ప్రతిపాదనను కూడా ఆపే హక్కు ఆయనకుంది. 2012లో ఆ హక్కును తగ్గించాలా అని ఓటింగు పెడితే, వద్దని సుమారు 76 శాతం మంది తేల్చారు. ఆడవాళ్ళకు ఓటు హక్కు వచ్చిందే 1984లో! పోస్టులో ఈ ముక్క ఒక్కటీ లేదు. ఇంకో సంగతి మనకు నేరుగా తగిలేది. 1997లో బాస్మతి బియ్యం మీద అమెరికాలో పేటెంటు తీసుకున్న రైస్‌టెక్ కంపెనీ ఈ రాచకుటుంబానిదే. భారత్ అభ్యంతరం చెప్పి పోరాడాక ఆ పేటెంటులో చాలా అంశాలు వదులుకోవాల్సి వచ్చింది.

పన్ను కట్టరన్నది శుద్ధ అబద్ధం. ఆదాయం మీద దేశానికీ కట్టాలి, ఉన్న ఊరి మున్సిపాలిటీకీ కట్టాలి. ఆస్తినీ లెక్కలో కలుపుతారు. కంపెనీల లాభం మీద 12.5 శాతం. కొన్న ప్రతి వస్తువు మీదా స్విట్జర్లాండ్‌లో ఎంత వ్యాట్ ఉంటే అంతే. రేట్లు తక్కువ, అంతవరకే నిజం. అయితే పన్ను తప్పించుకోవాలనుకున్న ఇతర దేశాల ధనవంతులు ఏళ్ళ తరబడి అక్కడి ట్రస్టుల్లో, ఖాతాల్లో డబ్బు దాచుకున్నారు. 2008లో ఎల్‌జీటీ నుంచి దొంగిలించిన ఖాతాల వివరాలు జర్మనీ గూఢచారి సంస్థ కొనడంతో అది బయటపడి, జర్మన్ తపాలా సంస్థ అధిపతి పదవి పోయింది. అందులోని భారతీయుల పేర్లు 2009లో జర్మనీ మన ప్రభుత్వానికి ఇచ్చింది. సుప్రీంకోర్టు 2011లో నల్లధనం కేసులో ఇచ్చిన ఉత్తర్వుల వెనక ఉన్నది ఈ జాబితాయే. ఎవరో ఎగ్గొట్టిన పన్నులో కొంత మన బడులకూ ఆసుపత్రులకూ రావాల్సింది. అలాంటి దాన్ని తెలివి అని మెచ్చుకుంటూ ఫార్వర్డ్ చెయ్యడం నాకు చేతకాదు. ఆ గొడవ తర్వాత 2009 నుంచి ఆ దేశం పన్నుల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలకు ఒప్పుకుంది, అదీ చెప్పాలి.

జైలు లెక్కకు కారణం సులువు. రాజధాని వాదూజ్‌లో ఉన్నది చిన్న జైలు. పెద్ద శిక్ష పడ్డవాళ్ళను ఒప్పందం ప్రకారం ఆస్ట్రియా జైళ్ళకు పంపేస్తారు. దేశం ప్రశాంతమైనదే, కాదనను. అయినా 2014లో ఒక బ్యాంకు అధిపతిని పార్కింగులో కాల్చి చంపారు.

ఇప్పుడు అసలు మాట, "పని చెయ్యకపోయినా కోటీశ్వరులే" అన్నది. హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటు కట్టే చోటికైనా వెళ్ళండి. స్లాబుకు బోల్టులు బిగించాలంటే మేస్త్రీ "ఆ హిల్టీ మిషన్ ఇలా తే" అంటాడు. ఎర్ర డబ్బాలోంచి తీసి, రెండు చేతులా పట్టుకుని, భుజం ఆనించి నొక్కితే కాంక్రీటు పొడై రాలుతుంది. ఏ కంపెనీ మిషనైనా మన సైట్ల మీద హిల్టీ అనే పిలుస్తారు. ఆ పేరు లీక్టెన్‌స్టైన్‌లోని షాన్ అనే ఊరిది. 1941లో మార్టిన్, యూజెన్ హిల్టీ అన్నదమ్ములు అక్కడ చిన్న వర్క్‌షాపు పెట్టారు. ఇప్పటికీ ప్రధాన కార్యాలయం అక్కడే. పళ్ళ డాక్టర్లు వాడే పింగాణీ పళ్ళు, సిమెంటు చేసే ఇవోక్లార్ కూడా ఆ ఊరిదే. ఎషెన్‌లో కార్ల స్టీరింగులు తయారవుతాయి. ఆ దేశపు సంపదలో బ్యాంకుల వాటా కంటే ఫ్యాక్టరీల వాటా పెద్దది.

మరి ఆ పని చేసేదెవరు? జనాభా సుమారు 40 వేలు, అందులో మూడో వంతు విదేశీయులు. పిల్లలనూ ముసలివాళ్ళనూ కలుపుకున్నా 40 వేలే, ఉద్యోగాలు మాత్రం అంతకంటే ఎక్కువ. వాటిలో సగానికి పైగా చేసేవాళ్ళు పొద్దున స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నుంచి కార్లలో, బస్సుల్లో వచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. తలసరి ఆదాయం అంత ఎత్తున కనిపించడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఉత్పత్తి లెక్కలో వాళ్ళ చెమట ఉంటుంది, తలల లెక్కలో వాళ్ళు ఉండరు. ఆ అంకెను పట్టుకుని ప్రతి ఇంట్లో కోట్లున్నాయని అనుకోవడం పొరపాటు.

"అయితే అక్కడికెళ్ళి సెటిలవడం ఎలా?" అని మా పిన్ని కొడుకు ఆ పోస్టు కిందే అడిగాడు. నాన్నా, యూరప్ ఆర్థిక ప్రాంతం దేశాల వాళ్ళకే ఏటా 56 మంది ఉద్యోగులకు, ఉద్యోగం లేని 16 మందికి కనీసపు కోటా ఉంది, అందులో సగం లాటరీ తీసి ఇస్తారు. మన పాస్‌పోర్టుతో ఆ లాటరీలో పేరు కూడా వెయ్యలేం. ఎవరైనా ఏజెంటు డబ్బు కడితే వీసా ఇప్పిస్తానంటే, కట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి.