కెమెరా కొనండి, తొందరపడి ఫోటోలు తీయకండి

ఈమధ్య కొందరు కుర్రాళ్లు జీతం పడగానే షాపుకెళ్లి, చేతికి ఇమిడిందని ఓ కెమెరా కొనేసి, ఆ సాయంత్రమే ట్యాంక్‌బండ్ మీద ఫోటోలు తీసేస్తున్నారట. మొదటి కెమెరా అంటే అంత ఆషామాషీగా ఉందా? కనీసం ఏడాదైనా నానబెట్టాలి.

ముందు మెగాపిక్సెళ్ల సంగతి తేల్చుకోండి. 24 మెగాపిక్సెళ్లంటే అడ్డంగా 6000, నిలువుగా 4000, వెరసి రెండు కోట్ల నలభై లక్షల చుక్కలు. గోడకి తగిలించే 8 × 12 అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కలు వేసుకున్నా 90 లక్షలు దాటవు. మిగతావి దేనికని అడిగేవాడికి ముందుచూపు లేనట్టే. రేపు ఆ ఫోటో కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది. అక్కడ దాన్ని సైజు తగ్గించి, పిండి ఆరేస్తారు. పిండటానికైనా సరుకుండాలి కదా! అందుకని 45కి తగ్గకండి.

1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరాలో ఉన్నవి మొత్తం పది వేల పిక్సెళ్లే. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అయినా తీసేశాడు. పాపం, సలహా చెప్పే బావమరిది లేకపోయాడు.

ఇక సెన్సర్, అంటే కెమెరా లోపల వెలుతురుని పట్టి ఫోటోగా మార్చే పలక. 36 × 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమే కొనాలని మీ బావమరిది ఇప్పటికే చెప్పి ఉంటాడు. ఏపీఎస్-సీ అనే చిన్నరకం సెన్సర్ వైశాల్యం అందులో సగం కూడా ఉండదు. దాంతోనూ పిల్లల పుట్టినరోజులు, అరకు కొండలు చక్కగా వస్తాయి, జేబుకీ మెడకీ బరువు తగ్గుతుంది, నిజమే. కానీ రేపు ఫంక్షన్లో ఎవరైనా "ఫుల్ ఫ్రేమేనా?" అనడిగితే ఏ మొహం పెట్టుకుని జవాబు చెబుతారు?

కెమెరాతోపాటు వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్‌ని పెట్టె విప్పకముందే తీసిపారేయడం ఆనవాయితీ. ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగులో తీయడానికి జూమ్ లేని 50 ఎంఎం, ఎఫ్ 1.8 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు) లెన్స్ చవగ్గా దొరుకుతుందనీ, జూమ్ చివర్లో ఆ 18-55 రానిచ్చే వెలుతురుకి తొమ్మిది రెట్లకు పైగా రానిస్తుందనీ తెలిసినవాళ్లు చెవిలో ఊదుతారు. వినకండి. పని అంత తక్కువలో తేలిపోతే ఫిల్టర్లు, ట్రైపాడ్, బ్యాగు, ఆ బ్యాగు పట్టే ఇంకో బ్యాగు ఎవరు కొంటారు?

ఆదర్శం కావాలంటే కోఠిలో ఏ కెమెరా షాపులోనైనా కాసేపు నిలబడండి. కౌంటర్ మీద కెమెరా ఉంటుంది. సేల్స్‌మన్ "పట్టుకుని చూడండి సార్" అంటుంటాడు. మనవాడు మాత్రం తలెత్తడు. ఫోన్లో ఆ కెమెరా రివ్యూనే చూస్తుంటాడు. చూసినంతసేపు చూసి, దీనికి 'మార్క్ టూ' అని కొత్త మోడల్ వస్తోందట కదా అని ఇంటికెళ్లిపోతాడు. అదీ నిగ్రహమంటే.

ఇంత చెప్పినా ఆగలేక కొనేశారా? కంగారేం లేదు, బీరువా ఉంది. విశాఖలాంటి చెమ్మ ఊళ్లలో అయితే మీరు ముట్టుకోకపోయినా ఫంగస్ వచ్చి లెన్స్‌లో కాపురం పెడుతుంది. అది ముదరకముందే అమ్మకానికి పెట్టండి. ప్రకటనలో ఏం రాయాలో తెలిసిందే: "అసలు వాడలేదు సార్. ఒక్కసారి తిరుమల తీసుకెళ్లాం, అక్కడా గుళ్లోకి రానివ్వలేదు. బిల్లుంది, బాక్సుంది, ఫైనల్ రేటు."